‘లాంగ్=టీఈ_ఐఎన్.యూటీఎఫ్-8’ అను సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలం: లాంగ్=టీఈ_ఐఎన్.యూటీఎఫ్-8

అవతారిక: కంప్యూటరు ఏ భాషలో మాట్లాడాలో, తేదీని, డబ్బును, కాగితాన్ని ఏ దేశాచారం ప్రకారం లెక్కగట్టాలో నిర్ణయించే ఏకపాద సూత్రం ఇది. లినక్సు శాఖలో ప్రసిద్ధం. ఫెడోరా వారు దీన్ని లొకేల్.కాన్ఫ్ అనే ఫైలులో భద్రపరుస్తారు. డెబియన్ సంప్రదాయంలో ఇది చిరకాలం డిఫాల్ట్ అనే ఫోల్డరులోని లొకేల్ ఫైలులో వసించింది. విండోస్ వారికి క్లుప్తత రుచించదు కనుక ఇదే సంగతిని సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ ల్యాంగ్వేజ్’ అనే ప్రకరణంగా గద్యంలో విస్తరించారు. సూత్రానికి కర్త ఒక్కడు కాడు. భాషాసంకేతం ఐఎస్ఓ 639 నుంచి, దేశసంకేతం ఐఎస్ఓ 3166 నుంచి, తోక యూనికోడ్ వారి నుంచి వచ్చి చేరాయి.

ప్రతిపదార్థం: లాంగ్ = సకల వ్యవహారములకును సామాన్యమైన భాష; ‘=’ = ఏదియనగా; టీఈ = తెలుగు; ‘_’ = (ఎక్కడి తెలుగనగా); ఐఎన్ = భారతదేశమందలిది; చుక్క = (ఏ సంకేతములతో వ్రాయవలెననగా); యూటీఎఫ్-8 = తెలుగు సంకేతము ఒక్కింటికి మూడేసి బైట్లు వెచ్చించునట్టి కూర్పుతో.

తాత్పర్యం: ఓ కంప్యూటరా! భారతదేశపు తెలుగువారి భాషలో మాట్లాడుము, వారి వాడుక ప్రకారం తేదీలు, అంకెలు చూపుము, వ్రాతకు యూనికోడ్‌ను వాడుము అని భావం.

మూడేసి బైట్లన్న మాటకు ఉదాహరణ: ‘శ్రీ’ కంటికి ఒకే అక్షరం. యంత్రానికి అది శకారం, పొల్లు, రేఫ, దీర్ఘ ఈకారపు గుర్తు అని నాలుగు సంకేతాలు, వెరసి 12 బైట్లు. శుభలేఖ టైపు చేసేవారు బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కగా ‘శ్రీ’ పోయి ‘శ్ర’ మిగలడానికి కారణం ఇదే.

పాఠభేదాలు: లొకేల్ జాబితాను అడిగితే యంత్రం ‘యూటీఎఫ్8’ అని హైఫన్ లేకుండా చూపుతుంది. రెండు పాఠాలూ గ్రాహ్యాలే. విండోస్ ప్రతుల్లో అండర్‌స్కోరు స్థానంలో హైఫన్ కనిపిస్తుంది, అది శాఖాభేదం. టీఈ చిన్న అక్షరాల్లోనూ ఐఎన్ పెద్ద అక్షరాల్లోనూ రాయడం శిష్టసమ్మతం.

సమాస నిర్ణయం: ‘టీఈ_ఐఎన్’ ద్వంద్వమా, తత్పురుషమా? ద్వంద్వమైతే తెలుగూ ఇండియా రెండూ స్వతంత్రంగా నిలవాలి. గ్నూ సీ లైబ్రరీ దీన్ని తత్పురుషంగానే గ్రహించింది. అంటే ఇండియాలోని తెలుగు తప్ప మరో తెలుగు దాని పట్టికలో లేదు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవారు టీఈ_యూఎస్ అని రాసుకుంటే యంత్రం అలాంటి లొకేల్ తనకు తెలియదంటుంది. వారు భాషను ఇండియా నుంచి, కాగితం కొలతను అమెరికా నుంచి వేర్వేరుగా తెచ్చుకోవాలి. అందుకు ఉపాయం తరువాతి విశేషంలో ఉంది.

ఉత్సర్గాపవాదాలు: పాణినీయంలో సామాన్య విధిని ఉత్సర్గమనీ, దాన్ని తోసిపుచ్చే విశేష విధిని అపవాదమనీ అంటారు. ఇక్కడ లాంగ్ ఉత్సర్గం. దాని కింద ఎల్‌సీ_టైమ్, ఎల్‌సీ_మానిటరీ, ఎల్‌సీ_పేపర్, ఎల్‌సీ_మెసేజెస్ మొదలైనవి అపవాదాలు. ఏ అపవాదానికి విలువ ఇస్తే ఆ ఒక్క వ్యవహారంలో లాంగ్ మాట చెల్లదు. వీటన్నిటి మీద ఎల్‌సీ_ఆల్ అనేది ఒకటుంది. అది పలికితే ఉత్సర్గమూ అపవాదమూ రెండూ మూగబోతాయి. పరీక్షల కోసం పుట్టిన దాన్ని శాశ్వతంగా ఫైలులో రాసిపెట్టి, తరువాత ఏది మార్చినా మారడం లేదని వాపోవడం లోకంలో కద్దు. ఇవిగాక లాంగ్వేజ్ అనే మరో పదం ఉంది. అది సందేశాలకు మాత్రమే పరిమితం. తెలుగు దొరక్కపోతే ఏ భాష చూపాలో వరుసగా చెబుతుంది. అనువాదం సగమే పూర్తయిన మెనూలో ఒక పంక్తి తెలుగు, ఒక పంక్తి ఇంగ్లీషు వచ్చి మణిప్రవాళం తయారవుతుంది.

ఈ విభాగం తెలిసినవారికి సూత్రమంతటినీ యథాతథంగా స్వీకరించే అగత్యం లేదు. మెనూలు ఇంగ్లీషులో ఉంచుకోవడం భాషాద్రోహం కాదు. ఫోనులో సలహా చెప్పే మెకానిక్కు ఆ పేర్లే తెలుసు. అలాంటివారికి ఈఎన్_ఐఎన్, అనగా ఇండియా ఆచారాల ఇంగ్లీషు, చక్కగా సరిపోతుంది. ఏ సమర్థనకూ అందనిది ఈఎన్_యూఎస్‌ను అలాగే వదిలేయడం. కొత్త యంత్రాలు తరచు ఆ అమరికతోనే వస్తాయి. ఎవరూ దాని జోలికి పోరు.

ఉదాహరణ: పెన్న సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, మైపాడు తీరం ఉన్న ఇందుకూరుపేట మండలంలో రొయ్యల సాగు ఉంది. వనామీ సాగులో లెక్కంతా పిల్ల వదిలిన తేదీ నుంచే. ఏప్రిల్ 3న వదిలిన గుంటకు 03/04/2024 అని ఎక్సెల్‌లో నమోదు చేస్తే, అమెరికా అమరికలోని యంత్రం దాన్ని మార్చి 4గా గ్రహిస్తుంది. మే 3వ తేదీ నాటికి 30 రోజుల పిల్ల యంత్రం దృష్టిలో 60 రోజుల పిల్ల. ఆ లెక్కన మేత వేస్తే మిగిలేది అడుగున బురద. ఇంతకంటె గమ్మత్తు, అదే పట్టీలో మార్చి 25న వదిలిన మరో గుంటకు 25/03/2024 అని రాసినప్పుడు జరుగుతుంది. 25వ నెల లేదు కనుక యంత్రం దాన్ని తేదీగా ఒప్పుకోక ఉత్త అక్షరాలుగా ఉంచేస్తుంది. తేదీలు గడిలో కుడివైపు, అక్షరాలు ఎడమవైపు నిలుస్తాయి. ఒకే వరుసలో కొన్ని తేదీలు కుడికీ కొన్ని ఎడమకీ అతుక్కుని ఉంటే, దోషం టైపిస్టుది కాదు, లొకేల్‌ది.

కాగితం సంగతి: అమెరికా అమరికలో కాగితమంటే లెటర్, 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. జిరాక్స్ అంగడిలో ఉండేది ఏ4, 210కి 297. లెటరుకు కూర్చిన అడంగల్‌నో 1బీనో ఏ4 మీద అచ్చుతీస్తే కింద ఖాళీ, కుడి అంచున అంకెలకు కోత. కోత పడిన అంకె సెంట్లదైతే మళ్లీ అచ్చు తీయాల్సిందే.

ధనం: 12,34,567 అని లక్షల మెట్టులో కామా పడాలన్నా ఐఎన్ కావాలి; యూఎస్‌లో అది 1,234,567 అవుతుంది. ₹ గుర్తును కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదించింది, ఆ అక్టోబరులోనే యూనికోడ్ 6.0లో చేరింది. అంతకుముందు నాటి ఫాంట్లలో దాని స్థానంలో డబ్బా కనిపిస్తుంది.

అకారాది క్రమం: కోడ్ సంఖ్యల వరుసనే నమ్మే యంత్రం ‘కలువ, కళ, కవి’ అని పేరుస్తుంది. యూనికోడ్‌లో ళకారం లకారం పక్కనే కూర్చోవడం ఇందుకు హేతువు. వర్ణమాలలో దాని చోటు హకారం తరువాత కనుక నిఘంటువు వరుస ‘కలువ, కవి, కళ’. ఓటర్ల జాబితాను ఆ యంత్రం చేత సర్దిస్తే వెతికేవారికి వ్యాకరణం గుర్తుకొస్తుంది.

సూత్రానికి అందనివి: కొలతల విషయంలో లొకేల్‌కు తెలిసినవి రెండే, మెట్రిక్, అమెరికా కొలత. నెల్లూరు పుట్టి 850 కిలోలని, ఇంటిస్థలానికి ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులని చెప్పుకోవడానికి అందులో గడి లేదు. తిథి కూడా లేదు. 1957లో అమలైన జాతీయ శక కేలండరును చూపగల ప్రోగ్రాములున్నాయి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు చూసుకుని వలకు వెళ్లేవారికి దాంతో పని జరగదు, గోడ మీది పంచాంగమే గతి.

పూర్వపక్షం: సూత్రం రాశాక కీబోర్డు తెలుగులో పడాలి కదా? సిద్ధాంతం: పడదు. లొకేల్ చూపడానికి, ఇన్‌పుట్ పద్ధతి రాయడానికి. ఇన్‌స్క్రిప్ట్ కావలసినవారు దాన్ని వేరుగా చేర్చుకోవాలి. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. విండోస్‌లో ఒకదాని నుంచి మరొకదానికి దాటడానికి విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కాలి. డీటీపీ వారి అను ఫాంట్ల రాతకు ఇవేవీ వర్తించవు. ఆ ఫాంట్లలో తెలుగు రూపం మాత్రమే ఉంది, లోపల ఉన్నది ఇంగ్లీషు సంకేతాలే. యూనికోడేతర ప్రోగ్రాముల భాషగా విండోస్‌లో తెలుగును ఎంచుకున్నా లాభం ఉండదు. తెలుగుకు ఆ పాతకాలపు కోడ్‌పేజీ ఎన్నడూ లేదు.

ప్రయోగం: సూత్రం రాసిన వెంటనే ఫలం కనిపించదు. డెబియన్ వంటివాటిలో ముందుగా లొకేల్‌ను పుట్టించాలి, పిమ్మట లాగవుట్ అయి తిరిగి ప్రవేశించాలి. అప్పుడు గ్నోమ్ తెర మీద, డౌన్‌లోడ్స్ వంటి ఫోల్డర్ల పేర్లు కూడా తెలుగులోకి మార్చమంటారా అని ఒక ప్రశ్న ఎదురవుతుంది. పాత పేర్లే ఉంచమనడం క్షేమం. మార్చమంటే కొత్త పేరుతో ఖాళీ ఫోల్డరు పుడుతుంది. పాతదాంట్లోని ఫైళ్లు కదలకుండా అక్కడే ఉండిపోతాయి.