గోడ ముందు గూడబాతు

ఈ మధ్య మన పిట్టలన్నీ గోడల ముందు నిలబడటం నేర్చుకున్నాయి. పెచ్చులూడిన సున్నం గోడ ముందు పాలపిట్ట, తుప్పు పట్టిన రేకు ముందు లకుముకి పిట్ట, ఎవరి తాతగారి వీలునామానో అనిపించే పసుపు కాగితం మీద గిజిగాడు. ఏమిటిదంటే టెక్స్చర్ అట. ఆ గోడల్నీ రేకుల్నీ ఫోటోలు తీసి, కట్టలు కట్టి అమ్మేవాళ్లున్నారు. కొనుక్కుని పిట్ట వెనక పరుచుకోవడమే మిగిలిన పని.

మా మేనల్లుడు ఇందులో ఆరితేరాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చూపిస్తాడు. పిట్ట ఫోటో మీద గోడ ఫోటోను ఒక లేయర్‌గా వేస్తాడు. 'మల్టిప్లై' అంటే రెండూ కలిసి ముదురుతాయి, 'సాఫ్ట్ లైట్' అంటే మరకలు మెత్తగా అద్దుకుంటాయి. ఒపాసిటీ కాస్త తగ్గిస్తాడు. ఆఖర్న మాస్క్ పెట్టి, పిట్ట ఒంటి మీద పడ్డ గోడను మాత్రం తుడిచేస్తాడు. "అచ్చం పెయింటింగ్‌లా లేదూ మామయ్యా?" అంటాడు. ఉంది. నా ఏడుపూ అదే. పెయింటింగే కావాలంటే కుంచె పట్టుకోవచ్చుగా, అంత బరువు లెన్సు భుజానేసుకుని తెల్లారకముందే కొల్లేరు దాకా పోవడం దేనికి?

మా రోజుల్లో కెమెరాలో 36 బొమ్మల రోలు ఉండేది. స్లైడ్ ఫిల్మైతే రంగులు బాగా వస్తాయి గానీ, వెలుతురు లెక్క కాస్త తప్పినా బొమ్మ పోయినట్టే. కడిగించడానికి మద్రాసుకో బొంబాయికో పోస్టులో పంపి ఎదురుచూడాలి. నొక్కిన ప్రతిసారీ డబ్బు గుర్తొచ్చేది. అందుకని నొక్కేముందు పిట్టకంటే పిట్ట వెనకున్నదాన్నే ఎక్కువసేపు చూసేవాళ్లం. తల మీంచి కొమ్మ మొలిచినట్టుందా, రెండడుగులు పక్కకి జరుగు. తెల్లటి ఆకాశం అడ్డొస్తోందా, గట్టెక్కి కిందికి చూసి తియ్యి. బోర్లా పడుకుంటే పిట్ట వెనక గడ్డి పోయి ఎక్కడో దూరాన ఉన్న చేను వస్తుంది. పిట్టకూ ఆ చేనుకూ ఎడం పెరిగినకొద్దీ మసక మెత్తబడుతుంది. మసక లెన్సు పని, బురదలో పాకడం మన పని.

ఆ మసక కూడా ఉత్త రంగు కాదు. లకుముకి పిట్ట వెనక లేతాకుపచ్చ ఉంటే నాట్లు పడ్డాయని, పసుపు తిరిగితే కోతలు దగ్గరపడ్డాయని, మట్టిరంగైతే చేను ఖాళీ అయిందని అర్థం. తేదీ రాసుకోని పాత స్లైడ్లు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిని వెలుతురుకెత్తి చూసి ఏ కార్తెలో తీశానో ఇప్పటికీ చెప్పగలను. తుప్పు రేకు ఏ కార్తెలోనైనా తుప్పు రేకే.

పైగా అబద్ధం అతకదు. నీటి అంచున కూర్చున్న పిట్టకు పొట్ట కింద నీటి మీంచి ఎగదన్నిన వెలుతురు పడుతుంది. కంట్లో ఆకాశం చుక్కలా మెరుస్తుంది. మావాడు వెనకంతా మార్చేసినా ఆ రెండూ అలాగే ఉండిపోతాయి. కంటికి ఎదురుగా ఆకాశం, ఈకల కింద చెరువు, వీపు వెనక పాడుబడిన గోడ! ఇక ఈకల అంచులంటారా, మాస్క్ ఎంత జాగ్రత్తగా గీసినా రెక్క చివరి నూగు దగ్గర దొరికిపోతుంది. కత్తెరతో కోసి అంటించినట్టు ఉంటుంది.

పెయింటింగ్ మాట వాడే ఎత్తాడు కాబట్టి చెబుతున్నా. అమెరికా పక్షుల్ని నిలువెత్తున గీసి 1827 నుంచి 1838 దాకా అచ్చేసిన ఆడుబాన్ ఉన్నాడు. ఆయన చేతిలో కుంచె ఉంది, ఏ గోడ కావాలంటే ఆ గోడ వేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. కానీ చెట్లూ పూలూ బాగా గీస్తాడని జోసెఫ్ మేసన్ అనే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని తిరిగాడు. చాలా పక్షుల వెనకున్న మొక్కలు ఆ పదమూడేళ్ల పిల్లాడి చేతివే. బొమ్మ గీసేవాడికున్న పట్టింపు ఫోటో తీసేవాడికి లేకపోతే ఎలా? "జపాన్ వాళ్లు కొంగల వెనక బంగారు రేకు అంటించేవారుగా" అని మావాడు ఎదురు తిరిగాడు. నిజమే. వాళ్లు దాన్ని ఫోటో అనలేదు.

అన్నిటికంటే నాకు కడుపు మండింది తేలినీలాపురం ఫోటో దగ్గర. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి పక్కనున్న ఊరది. ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి. పత్రికలవాళ్లు వాటిని సైబీరియా పక్షులని రాసి రాసి జనాన్ని నమ్మించేశారు గానీ, ఆ గూడబాతు మన దేశంలోనే పిల్లల్ని చేసే పక్షి. ఇళ్ల మధ్య, మనుషుల నెత్తి మీద కాపురం పెడుతుంది. అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. మావాడు తీసిన ఫోటోలో చింతకొమ్మ మీద పిల్లకు మేత పెడుతున్న తల్లి ఉంది, వెనక ఇంటి కప్పు, కరెంటు తీగ, దండెం మీద ఆరేసిన ఎర్రచీర. అబ్బ, ఎంత బాగుందో! పక్షీ మనిషీ ఒక్క చెట్టు కింద సర్దుకుపోవడం అందులో ఉంది. వారం తర్వాత చూస్తే కప్పు లేదు, తీగ లేదు, చీర లేదు. గూడబాతు గోడ ముందు పిల్లకు మేత పెడుతోంది. ఏ జూలోనో తీసిందంటే మాత్రం కాదనేదెవరు? ఆ చీర ఎందుకు తీసేశావురా అంటే "డిస్ట్రాక్షన్ మామయ్యా" అన్నాడు.

మా రోజుల్లో అందరూ సత్యహరిశ్చంద్రులేం కారు లెండి. చందమామ స్లైడూ కొంగ స్లైడూ ఒకే ఫ్రేములో ఇరికించి పోటీలకు పంపినవాళ్లు నాకు తెలుసు. డార్క్‌రూమ్‌లో కాగితం మీద గళ్ల తెర పరిచి గుడ్డ మీద బొమ్మలా అచ్చు తీసినవాళ్లూ ఉన్నారు. గూడు సరిగా కనపడాలని అడ్డొచ్చిన కొమ్మలు విరిచి, పిల్లల్ని ఎండకూ కాకులకూ అప్పగించిన దుర్మార్గం కూడా ఆ రోజులదే. దాంతో పోలిస్తే మావాడి గోడ పిట్టకేం హాని చేయదు, అది ఒప్పుకుంటా. కానీ ఆ చందమామ పని చేయడానికి రెండు స్లైడ్లు పాడుచేసుకోవాలి, చేతులు వణకాలి. ఇప్పుడు ఒక్క నొక్కు.

పోటీల్లో నేచర్ విభాగానికి నియమం ఉంది. ఫియాప్, పీఎస్ఏ, ఆర్‌పీఎస్ అనే ఫోటోగ్రఫీ సంస్థలు మూడూ కలిసి రాసుకున్న నిర్వచనం ప్రకారం కత్తిరించుకోవచ్చు గానీ, ఫోటోలోకి ఏదీ చేర్చకూడదు, జరపకూడదు, తీసేయకూడదు. టెక్స్చర్ వేసింది వేరే విభాగానికి పోవాల్సిందే. నాకేం అభ్యంతరం లేదు. కానీ ఫోన్లలో చేతులు మారే ఫోటోకి విభాగమేదీ?

మావాడి తరం కష్టం నాకు అర్థం కాకపోలేదు. అదే చెరువు, అదే ఎండుకొమ్మ, అదే లకుముకి, పక్కపక్కన నిలబడ్డ కెమెరాలు. సెకనుకు ఇరవై బొమ్మలు తీసే యంత్రాలు. అందరి ఫోటోలూ ఒకేలా వస్తుంటే తనది వేరుగా కనపడటానికి గోడ తెచ్చుకుంటున్నాడు. వేరుగా కనపడాలంటే వేరే చెరువుకు పోవచ్చు కదా.

చివరికి కలివి కోడి సంగతి తీశాను. 1900 తర్వాత కనపడక, అంతరించిపోయిందనుకున్న పక్షి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దానికోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మళ్లింది. పొదలు మరీ దట్టంగా ఉన్నా, మరీ పలచబడ్డా అది ఉండదు. మధ్యమధ్య ఖాళీ నేల ఉన్న ముళ్లకంపే దానికి కావాలి. అలాంటి పక్షి ఎప్పుడైనా నీ కెమెరాకు చిక్కితే, ఆ కంప ఎంత ఒత్తుగా ఉందో చూడటానికి పరిశోధకులు ఫోటో అడుగుతారు, నువ్వు వాళ్లకు సున్నం గోడ పంపుతావా అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "అది రాత్రి తిరిగే పక్షి కదా మామయ్యా, ఫ్లాష్ వేస్తే వెనకంతా నల్లగానే వస్తుంది" అన్నాడు.

ఫ్లాష్ పడ్డంత మేరైనా కంప కనపడుతుంది కదరా, అదైనా ఉంచు అన్నాను.