రొయ్యలు పెడతాం, రూల్సు చెప్పం

భీమవరంలో దిగిన అతిథి ఆకలితో పడుకున్నాడన్న మాట ఇంతవరకూ వినలేదు. బస్సు దిగీ దిగగానే "టిఫినీ అయ్యిందాండీ?" అని మొదలవుతుంది. మధ్యాహ్నానికి రొయ్యల వేపుడు, చేపల పులుసు. వద్దంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి, ఆ చేతి మీదా ఓ గరిటె పడుతుంది. పై ఊరి నుంచి కబడ్డీ జట్టును తెచ్చిన కోచ్‌కైనా ఇదే మర్యాద. మంచం, దుప్పటి, దోమల బిళ్ళ అన్నీ అందుతాయి. అందనిది ఒక్కటే: సాయంత్రం గ్రౌండులో ఏ రూలు నడుస్తుందన్న కబురు.

అది మాత్రం అడక్కూడదండి. అడిగితే అమర్యాద.

సంక్రాంతికి ఇక్కడి కోడిపందేల బరి దగ్గర ఓ పూట నిలబడి చూడండి. హైదరాబాదు నుంచి కార్లేసుకొచ్చిన వాళ్ళకి మనవాళ్ళు ఎంత ఓపిగ్గా పాఠం చెబుతారో! ఇది డేగ, అది కాకి, ఆ పక్కది నెమలి. ముసుగు పందెమంటే ఇలా, ఎత్తుడు దించుడంటే అలా, డింకీ అయితే కత్తి కట్టరు. ఏ రోజున ఏ రంగు గెలుస్తుందో కుక్కుట శాస్త్రం సాక్షిగా విప్పి చెబుతారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం రెండూ వద్దన్న ఆటకు ఇంత పారదర్శకత. ఏ చట్టమూ అడ్డు చెప్పని చెడుగుడు దగ్గరికొచ్చేసరికి మౌనవ్రతం!

ఆమధ్య ఈ జిల్లాలోనే ఓ ఇన్విటేషన్ టోర్నమెంటు చూశాను. ఊరి పేరు ఎందుకులెండి. సీమ నుంచి ఓ జట్టు వచ్చింది. వాళ్ళవి వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోయాయి. మూడోసారి వెళ్ళిన కుర్రాడు నింపాదిగా, రైడు చెల్లాలంటే దాటాల్సిన బాక్ లైను దాటి, ఎవర్నీ ముట్టకుండా, తనూ దొరక్కుండా వెనక్కొచ్చాడు. విజిలు మోగింది. అవుట్! కోచ్ గీత దాకా పరిగెత్తాడు.

"ఇక్కడ డూ ఆర్ డై, అదే, రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోది పాయింటు తేకపోతే అవుటనే రూలు, ఉందా సార్?"

"టీవీ చూడరేంటండీ మీరు?" అన్నాడు అంపైరు.

సరే, టీవీ రూలే కాబోలు అనుకున్నాడాయన. రెండో సగంలో ఆయన జట్టు ముగ్గురికి వచ్చింది. ఆ ముగ్గురూ కలిసి ఎదుటి రైడర్ని గీత దగ్గర ఒడిసిపట్టారు. సూపర్ ట్యాకిల్. ఒక పాయింటుకి ఇంకోటి కలిసి రెండు రావాలి. స్కోరు బోర్డు మీద ఒక్కటే పడింది.

"టీవీలో రెండిస్తారు కదా సార్?"

"ఇది టీవీ కాదండి, గ్రౌండు."

ఒక్క పాయింటుతో ఓడిపోయారు. లెక్క మీరే వేసుకోండి. రాత్రి భోజనంలో మాత్రం ఆ కోచ్‌కి అందరికంటే పెద్ద రొయ్య పడింది.

ఈ మౌనానికి మన ఆట అధికారులు చెప్పే కారణం గొప్పది. ముందే చెబితే పై జట్టుకి సాయం చేసినట్టట, నిష్పక్షపాతం దెబ్బతింటుందట. మరి ఊరి జట్టుకి ఎవరు చెప్పారు? రోజూ అదే మట్టిలో అదే అంపైరు ముందు ప్రాక్టీసు చేస్తారు కదా, ఏది ఉందో ఏది లేదో విజిలు చప్పుడే నేర్పింది. అధికారి నోరు మూసుకున్నంత సేపూ సాయం అందుతూనే ఉంది, సొంతూరికి. కోర్టు అంచున ఉండే లాబీలోకి ఎలా దూకాలో, ఎవర్ని ఎలా పట్టాలో చెప్పమని ఎవరూ అడగట్లేదు. అది కోచ్ పని. లాబీ ఎప్పుడు ఆటలో కలుస్తుందో చెప్పడం అధికారి పని.

"పుస్తకం చదువుకుని రావాలి" అనేది రెండో కారణం. ఏ పుస్తకమండీ? సంజీవని, గామిని, అమర్ అని మన ఆటకే మూడు రకాలు. పంజాబు వాళ్ళది గుండ్రటి బరి. ఫెడరేషన్ నిబంధనలు ఒక దారి, 2014లో మొదలైన ప్రో కబడ్డీ మరో దారి. పుస్తకాలు క్షుణ్ణంగా తెలిసిన పెద్దలే ఆసియా క్రీడల ఫైనల్లో ఏం చేశారో గుర్తుందా? 2023 అక్టోబరు 7, హాంగ్‌ఝౌ. భారత్, ఇరాన్ 28-28. పవన్ సెహ్రావత్ ఎవర్నీ ముట్టకుండానే లాబీలోకి వెళ్ళాడు, ఇరాన్ ఆటగాళ్ళు వెంటపడి లోపలికొచ్చారు. పాత రూలు ప్రకారం ఒక లెక్క, కొత్త రూలు ప్రకారం ఇంకో లెక్క. తీర్పు ఇటూ అటూ మారింది. ఆటగాళ్ళు మ్యాటు మీద కూర్చుండిపోయారు. దాదాపు గంట సేపు ఆట ఆగింది. చివరికి 33-29తో బంగారం మనకే వచ్చింది కాబట్టి మనం మర్చిపోయాం. ఇరాన్ వాళ్ళు మర్చిపోయి ఉంటారా?

మనకీ మేనేజర్ల మీటింగు ఉంటుంది, లేదనను. టీ వస్తుంది, బజ్జీలు వస్తాయి. ఆధార్ కార్డులు, డ్రా చీటీలు, ముఖ్య అతిథి ఎన్నింటికి వస్తారు, శాలువా ఎవరు కప్పాలి. ఇదంతా తేలేసరికి రూల్సు దగ్గర టైమైపోతుంది. "అన్నీ మీకు తెలిసినవే కదండీ" అని లేస్తారు.

ఈ పండక్కి టోర్నమెంటు పెట్టే పెద్దలకో మనవి. ఒక్క కాగితం, తెలుగులో. డూ ఆర్ డై ఉందా, సూపర్ ట్యాకిల్ ఉందా, బోనస్ ఎంతమంది ఉంటే, లాబీ ఎప్పుడు, సగానికి ఎన్ని నిమిషాలు, స్కోరు సమమైతే ఏంటి, బరువు ఎంత. ఇద్దరు కోచ్‌లనీ పక్కపక్కన నిలబెట్టి చదవండి, సంతకాలు తీసుకోండి. చందాలిచ్చినవాళ్ళ పేర్లు అరగంట చదివే మైకు ఎలాగూ ఉంది, అందులోనూ ఓసారి చదివించండి. జెరాక్సు డబ్బులకి ఇబ్బందైతే, కోచ్ విస్తట్లో ఒక రొయ్య తగ్గించండి. ఏమనుకోడు.