ఒక్క పౌండు బండి

నా పేరు బ్రాన్ బీజీపీ 001. పుట్టింది ఇంగ్లండ్‌లోని బ్రాక్లీలో. 2009 ఫార్ములా వన్ సీజన్ ఒక్కటే నేను పరుగెత్తిన కాలం. ఆ ఏడాది కట్టిన షాసీలు మొత్తం మూడే. మూడింటిదీ ఒకే పేరు, ఒకే కథ కాబట్టి అందరి తరఫునా నేనే చెబుతున్నాను.

నేను కడుపున పడ్డప్పుడు మా ఇంటిపేరు హోండా. 2009లో నిబంధనలు పూర్తిగా మారబోతున్నాయి. ముందు రెక్క వెడల్పవుతుంది, వెనక రెక్క సన్నబడి పైకి లేస్తుంది, గాడులు లేని స్లిక్ టైర్లు మళ్లీ వస్తాయి. ఇది చూసి టీమ్ అధిపతి రాస్ బ్రాన్ తెగించారు. 2008 కారుకు మెరుగులు దిద్దడం తగ్గించి, పనంతా నా మీదికి మళ్లించారు. పాపం, ఆ అన్న 14 పాయింట్లతో తొమ్మిదో స్థానంలో మిగిలిపోయాడు. నాకు దక్కిన విండ్ టన్నెల్ గంటలు చాలావరకు వాడి వాటాలోవే.

అంతలో పురిట్లోనే సంధి కొట్టబోయింది. ప్రపంచమంతటా మాంద్యం, కార్ల అమ్మకాలు పడిపోయాయి. 2008 డిసెంబరు 5న హోండా రేసింగ్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. యజమాని లేడు, ఇంజన్ లేదు. అయినా బ్రాక్లీలో పని ఆగలేదు. మెర్సిడెస్ తన 2.4 లీటర్ల వీ8 ఇంజన్ ఇవ్వడానికి ఒప్పుకుంది. కానీ నా వెనక భాగం హోండా ఇంజన్ కొలతలకు గీసినది. కొత్త ఇంజన్ కూర్చోవడానికి షాసీని కోసి సవరించారు, గేర్‌బాక్స్ ఎత్తు మార్చారు. కొన్ని నెలలు పట్టే పనిని కొన్ని వారాల్లో చేశారు. 2009 మార్చి మొదటి వారంలో రాస్ బ్రాన్, ఆయన సహచరులు టీమ్‌ను నామమాత్రంగా ఒక్క పౌండుకు కొన్నారు. వెంటనే సిల్వర్‌స్టోన్‌లో నా చక్రాలు తిరిగాయి. తర్వాత బార్సిలోనా పరీక్షల్లో, స్పాన్సర్ల పేర్లు లేని నా తెల్లటి ఒళ్లు చూసి పెద్ద టీములు ముక్కున వేలేసుకున్నాయి. వాటి కార్ల కంటే నేనే వేగంగా ఉన్నాను.

నా బలం నా కడుపు కింద ఉంది. దాని పేరు డిఫ్యూజర్. తోటకు నీళ్లు పట్టే పైపు మూతిని వేలితో నొక్కితే ధార ఎలా దూకుతుందో, కారుకూ రోడ్డుకూ మధ్య ఇరుకు సందులో గాలి అలా దూసుకుపోతుంది. గాలి వేగం పెరిగిన చోట పీడనం తగ్గి, కారు నేలకు అతుక్కుంటుంది. ఆ గాలిని వెనకవైపు మెల్లగా విచ్చుకోనిచ్చే భాగమే డిఫ్యూజర్. అది ఎంత పెద్దదైతే పట్టు అంత ఎక్కువ. కారును నేలకు నొక్కే ఆ బలాన్ని, అంటే డౌన్‌ఫోర్స్‌ను, తగ్గించాలనే కొత్త నిబంధన దాని ఎత్తుకు పరిమితి పెట్టింది. మా ఇంజనీర్లు నిబంధనలోని ప్రతి అక్షరం చదివి, అడుగుభాగంలో మెట్టులా ఉండే చోట సందులు వదిలి, గాలిని పైనున్న రెండో అంతస్తులోకి పంపారు. టొయోటా, విలియమ్స్ కూడా ఇదే దారి పట్టాయి. మిగతా టీముల్లో కొన్ని ఫిర్యాదు చేశాయి. ఏప్రిల్ 15న ఫార్ములా వన్ నియంత్రణ సంస్థ ఎఫ్ఐఏ అప్పీలు కోర్టు మా డిఫ్యూజర్ సక్రమమేనని తేల్చింది.

మెల్‌బోర్న్‌లో మొదటి రేసులోనే మా డ్రైవర్లు జెన్సన్ బటన్ మొదటి స్థానం, రూబెన్స్ బారికెలో రెండో స్థానం తెచ్చారు. మలేషియాలో కుండపోత వాన రేసును సగంలో ఆపేసినా బటనే గెలిచారు. బహ్రెయిన్, స్పెయిన్, మొనాకో, టర్కీ కూడా మావే. మొదటి ఏడింటిలో ఆరు! మొనాకోలో గెలిచినవాడు రాజకుటుంబం ముందు కారు ఆపాలి. గెలిచిన ఆనందంలో బటన్ నన్ను మిగతా కార్లు ఆపే చోట ఆపేశారు. సంగతి తెలిశాక దిగి, పిట్ స్ట్రెయిట్ పొడవునా పరుగెత్తుకుంటూ పోడియం చేరారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తర్వాత ఎదురుగాలి మొదలైంది. టైర్లను సున్నితంగా వాడటం నా స్వభావం. ఎండలో అది వరం. చలిగా ఉన్న సిల్వర్‌స్టోన్‌లో టైర్లు వేడెక్కక అదే శాపమైంది. రెడ్‌బుల్ తన కారును రేసు రేసుకూ మెరుగుపరిచింది. కొత్త భాగాలకు మా దగ్గర అంత డబ్బు లేదు. అప్పుడు బారికెలో నిలబెట్టారు. వాలెన్సియాలో ఆయన గెలుపు బ్రెజిల్ డ్రైవర్లకు నూరో గెలుపు. మోంజాలోనూ ఆయనే మొదట, బటన్ రెండో స్థానం. బ్రెజిల్ రేసులో బటన్ 14వ స్థానం నుంచి బయల్దేరి, ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఐదోవాడిగా చేరారు. డ్రైవర్ల టైటిల్, టీముల టైటిల్ రెండూ అదే రోజు ఖాయమయ్యాయి.

17 రేసులు, 8 గెలుపులు, 172 పాయింట్లు. బ్రాన్ పేరుతో టీమ్ పోటీ చేసింది ఆ ఒక్క సీజనే. నవంబరులో మెర్సిడెస్ మమ్మల్ని కొనుక్కుంది. తర్వాత 2014 నుంచి 2021 దాకా వరసగా ఎనిమిది టీమ్ టైటిళ్లు గెలిచింది కూడా అదే బ్రాక్లీ నుంచే.

సీజన్ రెండో సగంలో నేను అందరికంటే వేగమైన కారును కాను. అయినా గెలిచాను, ఎందుకంటే నా గెలుపులో పెద్ద వాటా 2008లోనే, ఎవరూ చూడని పనిలో సంపాదించి పెట్టారు. ఆ పని చేసినవాళ్లలో దాదాపు 270 మంది సీజన్ మొదలైన రోజుల్లోనే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. టీమును బతికించుకోవడానికి అంతమందిని వదులుకోవలసి వచ్చింది. బటన్, బారికెలో, బ్రాన్ పేర్లు మీకు తెలుసు. నా కథ చెప్పుకునేటప్పుడు ఆ 270 మందినీ విజేతల లెక్కలో కలపండి.