టమాట తిని మాత్ర మానేయమంటే వినకండి

గుండెకు స్టంట్ వేయించుకుని ఇల్లు చేరిన మనిషికి మదనపల్లెలో సలహాలకు కొదవ ఉండదు. టమాట యార్డులో కనిపించినవాళ్లు, పుంగనూరు బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు, కుప్పం నుంచి చూడటానికి వచ్చిన చుట్టాలు, తలా ఒకటి చెబుతారు. మంచి కోరే చెబుతారు. అయినా వాటిలో ప్రాణం మీదికి తెచ్చేవి ఉన్నాయి. అలాంటివాటిని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకు పాటించకూడదో కూడా.

"దినామూ రెండు పచ్చి టమాటాలు తినున్నా, రక్తం పల్చగా ఉంటాది. ఆ ఎకోస్ప్రిన్ యాలా?"

ఇందులో కాస్త నిజం ఉంది. అందుకే అన్నిటికన్నా ఇదే ఎక్కువ ప్రమాదం.

మన రక్తంలో ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు ఉంటాయి. ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా. నాళానికి గాయమైన చోట అవి అతుక్కుంటాయి, థ్రాంబాక్సేన్, ఏడీపీ అనే రసాయనాలు వదిలి తోటి కణాలను రప్పిస్తాయి. ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ వాటన్నిటినీ ఒకదానికొకటి కట్టేస్తుంది. కొడవలి తగిలి వేలు తెగితే నెత్తురు ఆగేది ఈ పని వల్లే. అయితే నాళం గోడలో పేరుకున్న కొవ్వు పైపొర చిట్లినా ఆ కణాలు అదే పని చేస్తాయి. అక్కడ గుమిగూడి గడ్డ కట్టి దారి మూసేస్తాయి. గుండెలో జరిగితే గుండెపోటు, మెదడులో జరిగితే పక్షవాతం.

ఇక టమాట. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో, రోవెట్ పరిశోధన సంస్థలో పనిచేసిన అసిమ్ దత్తరాయ్, టమాట గింజల చుట్టూ ఉండే జిగురు రసంలో ప్లేట్‌లెట్ల గుమిగూడే గుణాన్ని తగ్గించే పదార్థాలు ఉన్నాయని కనుక్కున్నారు. ఆ రసం నుంచి గాఢంగా తీసిన సారం ప్లేట్‌లెట్లను మామూలు స్థితిలో ఉంచడానికి తోడ్పడుతుందనడానికి ఆధారం ఉందని 2009లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ తేల్చింది. మన రైతు పండించే పండులో ఇంత గుణం ఉందంటే నాకు గర్వమే. కానీ ఆ పరీక్షలు జరిగింది ఆరోగ్యవంతుల మీద, సారంతో. దాని పని ఒక రోజులో తీరిపోతుంది. ఎకోస్ప్రిన్ మాత్రలో ఉండే ఆస్పిరిన్ అలా కాదు. అది తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే ఏడు నుంచి పది రోజులు, మళ్లీ థ్రాంబాక్సేన్ తయారు చేయలేదు. 1988లో ఫలితాలు వెలువడిన ఐసిస్-2 పరీక్షలో గుండెపోటు వచ్చిందన్న అనుమానంతో చేరిన 17,187 మంది ఉన్నారు. నెలపాటు రోజుకు 162.5 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో అయిదు వారాల్లో గుండె, నాళాల జబ్బుతో చనిపోయినవాళ్లు 23 శాతం తగ్గారు. టమాటకు అలాంటి రుజువు లేదు. పప్పులో వేసుకోండి, పచ్చడి చేసుకోండి, మాత్ర మాత్రం మింగండి.

"పన్ను పీకించుకోవాల కదా, వారం రోజులు మాత్రలు ఆపెయ్."

స్టంట్ అనేది లోహపు జాలీ. నాళం లోపలి పొర దాన్ని కప్పేదాకా ప్లేట్‌లెట్లు దాని మీద గుమిగూడాలనే చూస్తాయి. అందుకే గుండెపోటు తర్వాత చాలామందికి ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మందు ఏడాది దాకా రాస్తారు. ఆపిన వారం పది రోజుల్లో కొత్త ప్లేట్‌లెట్లు పాత చురుకుతో తయారైపోతాయి. స్టంట్ మూసుకుపోతే మళ్లీ గుండెపోటే. పన్ను పీకిన చోట కారే నెత్తురును దూదితో అదిమి, కుట్టేసి ఆపవచ్చు. పళ్ల డాక్టరుకు మీ మందుల చీటీ చూపండి. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరు చెప్పాలి.

మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఇబుప్రోఫెన్‌తో కూడా జాగ్రత్త. ముందుగా వేసుకుంటే ఆస్పిరిన్ పట్టుకోవాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది. రోజూ మాత్ర వేసుకుంటున్నా ఫలితం తగ్గుతుంది.

"మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది. పసరు తాపిస్తే సరిపోతాది."

పక్షవాతానికి నాటుమందు ఇచ్చే ఊళ్లు మన చుట్టుపక్కల ఉన్నాయి. జనం బండ్లు కట్టుకుని పోతారు. ఆ ప్రయాణంలో పోయే గంటలు తిరిగి రావు. గడ్డ కరిగించే సూదికి గడువు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలు, అదీ స్కాన్ తీసి చూశాకే. కొందరిలో మెదడులో నెత్తురు కారడం వల్ల పక్షవాతం వస్తుంది. వాళ్లకు ఇంట్లో ఆస్పిరిన్ ఇస్తే హాని చేసినట్టే. పసరూ వద్దు, మాత్రా వద్దు, 108కి ఫోన్ చేయండి.

"ఎద నొప్పి అంతా గ్యాసే, సోడా తాగు."

చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే గ్యాస్ అనుకోవద్దు. పెద్దాసుపత్రికి పోవాలంటే మదనపల్లె నుంచి తిరుపతికైనా బెంగళూరుకైనా నూరు కిలోమీటర్లకు పైనే ప్రయాణం. ఇంట్లో కూర్చుని సోడాతో గడిపే ప్రతి నిమిషం గుండె కండరాన్ని తినేస్తుంది. ముందు దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి.

"నాకేం జబ్బు లేదు, ముందుజాగ్రత్తకు రోజూ ఒక ఆస్పిరిన్ వేసుకుంటున్నా."

2018లో ఫలితాలు వచ్చిన ఆస్ప్రీ పరీక్ష ఆస్ట్రేలియా, అమెరికాల్లో గుండె జబ్బు లేని 19 వేలకు పైగా పెద్దవాళ్ల మీద జరిగింది. గుండె జబ్బులు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. డాక్టరు రాయకుండా మొదలుపెట్టొద్దు.

"ప్లేట్‌లెట్లు రెండు లక్షలున్నాయంట, గుండెకు ఢోకా లేదు."

డెంగీ రోజుల్లో ఆ అంకె చూడటం అలవాటైంది మనకు. అది ఎన్ని ఉన్నాయో చెబుతుంది, ఎంత త్వరగా గుమిగూడతాయో చెప్పదు. అంకె మామూలుగా ఉన్నవాళ్లకూ గుండెపోటు వస్తోంది. బీడీ, సిగరెట్ పొగ ఆ కణాలను మరింత రెచ్చగొడుతుంది. ఇన్నేండ్లు తాగినాక మానితే ఏమొస్తాదని అడిగేవాళ్లున్నారు. మానిన నాటి నుంచే ముప్పు తగ్గడం మొదలవుతుంది.

మందుల చీటీ జేబులో పెట్టుకుని తిరగండి. ఎవరు ఎంత ప్రేమగా మాత్ర మానమన్నా, ఆ చీటీ రాసిన డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానకండి.