పాతికేళ్ల బకెట్టు భోజనం

2024 వేసవిలో అమెరికాలోని కాస్ట్‌కో దుకాణాలు అమ్మే ఒక ప్లాస్టిక్ బకెట్టుకు ఉన్నట్టుండి సినిమా తారకు వచ్చినంత పేరు వచ్చింది. ధర 79.99 డాలర్లు. లోపల 150 వడ్డనల ఎండబెట్టిన ఆహారం. మూత తీయకుండా ఉంచితే 25 ఏళ్ల దాకా చెడదని భరోసా. ప్రళయం వచ్చినప్పుడు తినే విందు అంటూ జనం సోషల్ మీడియాలో పగలబడి నవ్వుకున్నారు. నవ్విన వాళ్లలో కొందరు కొనుక్కున్నారు కూడా.

అంతకు కొన్నేళ్ల ముందు అదే దుకాణం ఇంకా పెద్ద మూటే అమ్మింది. ఆరువేల డాలర్లకు ఒక్క సెంటు తక్కువ. నలుగురున్న కుటుంబానికి ఏడాది పొడవునా సరిపోయే తిండి, మొత్తం 36,000 వడ్డనలు. ఇరుగుపొరుగు కంటపడకుండా సరుకంతా నల్ల కవరు చుట్టి ఇంటికి పంపుతామన్నారు. పట్టపగలు లారీ ఆగి, మనిషెత్తు నల్లమూట వాకిట్లో దిగితే వీధిలో ఎవరికీ అనుమానం రాదని కాబోలు.

ఇక్కడ కాస్త లెక్క వేసుకోవాలి, ఎందుకంటే ఈ వ్యాపారం కిటుకంతా లెక్కలోనే ఉంది. 36,000ని నలుగురికి, 365 రోజులకు పంచితే మనిషికి రోజుకు దాదాపు పాతిక వడ్డనలు వస్తాయి. పాతికసార్లు వడ్డిస్తే తప్ప కడుపు నిండని భోజనాన్ని ఏమనాలో తెలుగులో ఇంకా పేరు పెట్టలేదు.  డబ్బా మీది వడ్డన మన గరిటెతో కొలిచేది కాదు, అమ్మేవాడి గరిటెతో కొలిచేది. నీళ్లలో కలుపుకుని తాగే పాల పొడికీ, నారింజ రసం పొడికీ గ్లాసు గ్లాసుకూ ఒక వడ్డన లెక్క రాస్తారు.

ఎనభై డాలర్ల బకెట్టుకూ ఇదే పరీక్ష పెడదాం. ధారాళంగా వడ్డనకు 250 కేలరీలు ఇచ్చినా 150 వడ్డనలకు వచ్చేది 37,500. పెద్దవాళ్లకు రోజుకు 2,000 కేలరీలు కావాలనుకుంటే అది ఒక్క మనిషికి 19 రోజులు కూడా రాదు. అదే ఎనభై డాలర్లు పెట్టి పెద్ద సంచుల్లో మామూలు బియ్యం కొంటే, పౌండు ఒక డాలరు అనుకున్నా, ఎనభై పౌండ్లు వస్తాయి. పౌండు బియ్యంలో ఉజ్జాయింపుగా 1,650 కేలరీలు. అంటే 66 రోజులు. కేలరీల లెక్కన బకెట్టు తిండి ఖరీదు బియ్యానికి మూడున్నర రెట్లు.

‘ధరలు పెరిగేలోపు కొనండి’ అని అమ్మేవాళ్లు చెప్పే మాటను ఇప్పుడు చూడండి. 2022లో అమెరికాలో ఇంట్లో వండుకునే సరుకుల ధరలు సగటున 11.4 శాతం పెరిగాయి. 1979 తర్వాత ఆహారం అంత వేగంగా పిరమైన సంవత్సరం మరొకటి లేదు. ఆ గడ్డు ఏడాదే ఏటా తిరిగొచ్చినా, బియ్యం ధర ఈనాటి బకెట్టు ధరను అందుకోవడానికి పదకొండేళ్లు దాటుతుంది. నిజానికి ఆ పెరుగుదల 2023లో 5 శాతానికీ, 2024లో 1.2 శాతానికీ దిగింది. రేపెప్పుడో పెరుగుతుందో లేదో తెలియని ధరకు భయపడి, ఆ పెంపునంతా ఇవాళే అమ్మేవాడి చేతిలో పోసి రావడం ఈ దూరదృష్టిలోని అసలు రహస్యం. ఉత్త బియ్యం ఎవరు తింటారంటారా? అందులో సగం డబ్బుకు చిక్కుడు గింజలో, కందిపప్పో, నూనో కొనుక్కున్నా లెక్క పెద్దగా తారుమారు కాదు.

పాతికేళ్ల భరోసా అబద్ధమేమీ కాదు. ఆహారాన్ని గడ్డకట్టించి, అందులోని మంచును శూన్యంలో ఆవిరి చేసే పద్ధతి గట్టి శాస్త్రమే. ఒరెగాన్ రాష్ట్రంలోని ఆల్బనీలో మౌంటెన్ హౌస్ సరుకు తయారుచేసే కంపెనీ వియత్నాం యుద్ధ కాలంలో సైనికులకు ఇలాగే తిండి చేసి పంపింది. ఇప్పుడు 30 ఏళ్ల రుచికి హామీ ఇస్తోంది. కాకపోతే ఆ హామీలన్నీ చల్లగా, పొడిగా ఉన్న చోటుకే వర్తిస్తాయి. కొన్నవాళ్లలో చాలామంది బకెట్లను పెట్టేది కారు షెడ్డులో. టెక్సస్‌లో, అరిజోనాలో జూలై ఎండకు ఆ షెడ్డు ఎంత చల్లగా ఉంటుందో అక్కడ కారు తలుపు ముట్టుకున్న వాళ్లను అడగాలి. పైగా ఇలా అమ్మే కంపెనీల్లో చాలావాటికి ఇంకా పాతికేళ్లు నిండనే లేదు.

అమ్మేవాళ్ల జాతకాలు సరుకు కంటే రుచిగా ఉంటాయి. టీవీ మత ప్రబోధకుడు జిమ్ బేకర్ 1989లో భక్తులను మోసగించిన కేసులో దోషిగా తేలాడు. 45 ఏళ్ల శిక్ష పడింది, తర్వాత అది తగ్గింది, 1994లో బయటికొచ్చాడు. వచ్చి మళ్లీ కెమెరా ముందు కూర్చుని, అంత్యదినాలు ముంచుకొస్తున్నాయంటూ బకెట్ల కొద్దీ తిండి అమ్మడం మొదలుపెట్టాడు. కొవిడ్ వచ్చిన 2020లో తన కార్యక్రమంలో వెండి ద్రావణాన్ని మందుగా అమ్మించినందుకు మిస్సోరీ ప్రభుత్వం కోర్టుకు లాగింది. మరుసటి ఏడాది కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చేలా రాజీ కుదిరింది. లోకం అంతమవుతుందని అంత గట్టిగా నమ్మే మనిషికి డాలర్లతో ఏం పనో ఏ భక్తుడూ అడిగినట్టు లేదు.

నిజానికి అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. సరుకు ధర మూడింతలు కాబోతోందని తెలిసిన వ్యాపారి గోడౌనుకు తాళం వేసుకుని కూర్చుంటాడు. మన ధాన్యం వ్యాపారులకు ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు, 1955లో నిత్యావసర సరుకుల చట్టం తేవాల్సి వచ్చింది కూడా ఇలాంటి తాళాల వల్లే. అమెరికా బకెట్టు వ్యాపారి మాత్రం విచిత్రమైన దానశీలి. డాలరు చిత్తుకాగితం కాబోతోందని చెబుతూ ఆ చిత్తుకాగితాలే పుచ్చుకుంటాడు, తిండి బంగారం కాబోతోందని చెబుతూ ఆ బంగారాన్ని ఇరవై శాతం తగ్గింపుకు వదిలించుకుంటాడు.

ఈ జోస్యానికి అర్ధ శతాబ్దం చరిత్ర ఉంది. హోవర్డ్ రఫ్ అనే ఆర్థిక సలహాదారు 1974లో అమెరికాలో కరువు రాబోతోందంటూ పుస్తకం రాశాడు. కొన్నేళ్లకు రాబోయే చెడ్డకాలంలో బాగుపడటం ఎలాగో చెప్పే మరో పుస్తకం తెచ్చాడు. బంగారం కొనండి, తిండి దాచండి అన్న ఆ పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అప్పట్లో ధరలు మండిపోతున్న మాట నిజమే. కరువు మాత్రం రాలేదు. చెడ్డకాలంలో బాగుపడటం ఎలాగో పాఠకులకు పూర్తిగా తెలిసిందో లేదో కానీ రచయితకు తెలిసింది. తర్వాత 1999 వచ్చింది. కంప్యూటర్లు 2000 సంవత్సరాన్ని గుర్తుపట్టలేక కరెంటూ బ్యాంకులూ ఆగిపోతాయన్న భయంతో గోధుమల డబ్బాలు కొన్నవాళ్లు కొన్నారు. జనవరి ఒకటిన కరెంటు ఉంది. ఆ కంప్యూటర్లను సరిదిద్దడానికి విమానమెక్కిన తెలుగు కుర్రాళ్లు మాత్రం ఆ ప్రళయంలో నిజంగానే బాగుపడ్డారు.

దాచుకోవడమే తప్పని ఎవరూ అనరు. కొత్త చింతపండు వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా గింజ తీసి జాడీకెత్తడం, ఎండుమిరపకాయలు కళ్లం మీదే బేరమాడటం, వేసవిలో ఆవకాయ పెట్టడం తెలుగిళ్లలో ఎవరికీ వింత కాదు. అమెరికాలో మోర్మన్ చర్చి వాళ్లు తరతరాలుగా ఇంట్లో తిండి నిల్వ పెట్టుకుంటారు. సరిగా మూసిపెడితే గోధుమలు, తెల్లబియ్యం, ఎండు చిక్కుళ్లు 30 ఏళ్లు ఉంటాయని చెప్పేదీ వాళ్లే. ఈ రెండు చోట్లకూ బకెట్టుకూ తేడా ఒక్కటే, ఇక్కడ దాచింది తింటారు, తిన్నది మళ్లీ నింపుతారు. బకెట్టు కొన్నవాళ్లు దాన్ని ముట్టుకోరు. ముడితే హామీ పోతుంది.

నవ్వడం అయిపోయిందనుకుంటే ఇప్పుడు మనవాళ్ల వంతు. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ప్రపంచంలో జరిగే బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మన దేశానిదే కాబట్టి వార్త చిన్నదేమీ కాదు. అయితే అప్పటికే ఓడల్లోకి ఎక్కుతున్న సరుకుకు మినహాయింపు ఉంది. అమెరికా గోదాముల్లో చేరిన బియ్యం ఎక్కడికీ పోలేదు. ఆ సంగతి చదివే ఓపిక ఎవరికుంది? రెండు మూడు రోజుల్లోనే అమెరికాలో భారతీయ సరుకుల దుకాణాల ముందు బారులు తీరిన వీడియోలు వాట్సాప్‌లో తిరిగాయి. సంచుల కోసం అల్మరాల మీదికి ఎగబాకిన వాళ్లున్నారు. దుకాణాలు మనిషికి ఒకే సంచి అని కాగితం అంటించాయి. ఇంట్లో ఎందరుంటే అంతమంది వరుసలో నిలబడ్డారు. ఇరవై పౌండ్ల సోనామసూరి సంచి ధర కొన్నిచోట్ల రెట్టింపయింది.

ఎగుమతి ఆగిన దెబ్బ దుకాణం దాకా చేరడానికి ఓడ ప్రయాణమంత సమయమైనా పట్టాలి. వాట్సాప్‌కు అంత సమయం అక్కర్లేదు. ధర పెరుగుతుందని పరిగెత్తినవాళ్లే ధర పెంచి, పెరిగిన ధరకే కొని, ‘చూశావా, నేను ముందే చెప్పాను’ అంటూ సంచి భుజానికెత్తుకున్నారు. వీళ్లున్న దేశం స్వయంగా బియ్యం ఎగుమతి చేస్తుంది. ఆర్కాన్సా అనే ఒక్క రాష్ట్రమే అమెరికా బియ్యంలో సుమారు సగం పండిస్తుంది. పక్క వరసలో థాయ్ బియ్యం సంచులు ఎవరూ ముట్టక పడి ఉన్నాయి. ఆకలి భయంతో పరిగెత్తినవాడు సన్నబియ్యమే కావాలని పట్టుబట్టడంలో ఒక రాజసం ఉందని ఒప్పుకోవాలి.

నిషేధం 2024 సెప్టెంబర్ 28న ఎత్తేశారు. ఈ మధ్యలో ఏ తెలుగు ఇంట్లోనూ అన్నం మానుకున్న దాఖలా లేదు. పది సంచులు కొన్నవాళ్లకు మాత్రం ఇంకో అతిథి తోడయ్యాడు, పురుగు. పాతికేళ్ల బకెట్టులో ఆక్సిజన్‌ను పీల్చేసే పొట్లం ఉంటుంది, సోనామసూరి సంచిలో ఉండదు. వేపాకు దొరకని ఊళ్లలో బియ్యాన్ని ఫ్రీజర్లో పెట్టారు, ఫ్రీజర్ చాలక రెండో ఫ్రీజర్ కొన్నారు. ఆ ఫ్రీజర్ ధర బియ్యం లెక్కలో ఎవరూ కలపరు.

నిజమైన ఆపద వచ్చినప్పుడు ఏమవుతుందో 2021 ఫిబ్రవరిలో టెక్సస్ చూసింది. మంచు తుపానుకు కరెంటు పోయింది, గొట్టాలు పగిలాయి. కోటిన్నర మంది దాకా నీళ్లు కాచుకునే తాగాలన్న హెచ్చరిక కింద బతికారు. కాచడానికి స్టవ్ వెలగని ఇళ్లలో పేరుకున్న మంచును బకెట్లలోకి ఎత్తి మరుగుదొడ్లలో పోసుకున్నారు. అమెరికా ప్రభుత్వ విపత్తు శాఖ చెప్పేది ఎప్పుడూ ఒకటే: కొన్ని రోజులకు సరిపడా తిండి, మనిషికి రోజుకు ఒక గాలన్ నీళ్లు. పాతికేళ్ల ఊసే ఉండదు. ఎండబెట్టిన విందు పొట్లం మీద ఉండే ముఖ్య సూచన ‘వేడి నీళ్లు పోయండి’. ఉప్పు దండిగా ఉండటం వల్ల తిన్నాక ఇంకా ఎక్కువ నీళ్లు కావాలి.

ఆ నీళ్లు బకెట్టులో ఉండవు. వాటికి పీపాలు, ఫిల్టర్లు విడిగా ఉంటాయి. అవి కూడా అదే దుకాణంలో దొరుకుతాయి, ధర పెరిగేలోపు కొంటే తగ్గింపు ఉందట.