శక్తిమాన్ వెనకవైపు

శక్తిమాన్ లారీకి ముక్కు పొడుగు. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో మొదటి బండి తయారైంది. తర్వాత అదే ఊళ్లో పెట్టిన వెహికల్ ఫ్యాక్టరీ 1996 దాకా వీటిని తయారుచేస్తూ వచ్చింది. 1965లోనూ 1971లోనూ మన జవాన్లని సరిహద్దులకి మోసింది ఈ బళ్లే. ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందుతుంది కాబట్టి, మామూలు లారీ కూరుకుపోయే బురదలోంచి కూడా ఇది మూలుగుతూ బయటపడుతుంది. సైన్యంలో కాలం చెల్లాక వేలం వేసేవారు. కొండదారుల్లో సరుకు తోలేవాళ్లకి అంతకన్నా మంచి బండి దొరికేది కాదు.

కల్యాణసింగ్‌పూర్‌లో ఒక తెలుగువారింటి పెరట్లో, చింతచెట్టు కింద అలాంటిది ఒకటి ఉంది. నియమగిరి కొండల పక్కన, నాగావళి ఒడ్డున ఊరది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రాంతమంతా విశాఖ ఏజెన్సీయే. ఇప్పటికీ ఆ ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండ దిగి వచ్చే డొంగ్రియా కోంధులతో కువి. ఇంటి పెద్దాయన మూడూ మాట్లాడేవాడు. సంతలో అనాసపళ్లు, పసుపు, అల్లం కొని రాయగడకి తోలేవాడు. బండి ఆయనదే, డ్రైవరూ ఆయనే. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా ఒక్కసారే పడిపోయాక ఆయనతో పాటు బండీ ఆగిపోయింది. 2017 జులైలో నాగావళి పొంగి, తెరువలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయిన వరదలో ఈ బండి బోనెట్ దాకా మునిగింది.

మేనల్లుడు పుణెలో కార్ల కంపెనీలో ఇంజనీరు. 2019 వేసవిలో మావయ్యని చూడ్డానికొచ్చి, ఛాసిస్ నిండా ఎండిపోయిన వరదమట్టి చూసి కదిలిపోయాడు. మావయ్య ఉండగానే ఆ ఇంజను మోత మళ్లీ ఆయనకి వినిపించాలనుకున్నాడు. ఆ ప్రేమలో కల్తీ లేదు. తర్వాత జరిగింది చదివి అతన్ని తప్పుపట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

పని పెరట్లోనే మొదలైంది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. ఇంజను బిగుసుకుపోయింది. నాజిల్స్ విప్పి, ఆ కన్నాల్లోంచి సిలిండర్లలోకి నూనె పోసి నాననిచ్చి, రాడ్డు వేసి వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. బలంగా తిప్పితే పిస్టన్ రింగులు విరుగుతాయి. ఓర్పు ఒక్కటే దారి. చివరికి లోపల ఎక్కడో పట్టు వదిలిన చప్పుడైంది. డీజిల్ పంపు విశాఖపట్నం వెళ్లి కాలిబ్రేషన్ చేయించుకొచ్చింది. కమాను కట్టల్లో విరిగిన పట్టీలు మార్చారు. కొన్ని భాగాలు ఢిల్లీ మాయాపురి పాత సామాన్ల బజార్లో దొరికాయి. దొరకనివి విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద చేయించాడు. తయారీ ఆగిపోయిన బండిని బతికించడమంటే పనితనంతో పాటు పదిమంది పాత మేస్త్రీల జ్ఞాపకశక్తి కూడా కావాలి. ఆ మేస్త్రీలు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్లు చెప్పింది ఎవరైనా రాసిపెడితే బాగుండును.

రంగు గీకుతుంటే పసుపు కింద నీలం, నీలం కింద సైన్యం ఆకుపచ్చ బయటపడ్డాయి. బంపరు మీద పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన చెరిగిపోయిన మిలిటరీ నంబరు కనిపించాయి. ఫోన్లో ఫోటో తీసి మావయ్యకి చూపిస్తే, ఆయన ముఖంలో పనిచేసే సగం నవ్వింది. ఆ ఆకుపచ్చే మళ్లీ వేద్దామంటే కుదరదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆ రంగు రక్షణశాఖ బళ్లకే. బూడిదరంగుతో సరిపెట్టుకున్నాడు.

మిగతాదంతా మాత్రం అచ్చం జబల్‌పూర్ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలన్నాడు. కంపెనీ తయారుచేసిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. అది అతని పట్టుదలకి ఊతమైంది. మావయ్య ఏళ్ల తరబడి తగిలించిన అతుకులన్నీ ఒక్కొక్కటే తీయించాడు. టాపు మీద వేసిన రేకు పోయింది. డ్రైవరు వెనక కట్టిన గంట పోయింది. చివరగా వెనక డోరు కింద వెల్డింగ్ చేసిన ఇనప మెట్టు మిగిలింది. నేలకి జానెడెత్తున, ఒంటరిగా, మోటుగా ఉంది. మధ్యలో అరిగి వెండిలా మెరుస్తోంది. బస్తాలు మోసే కూలీల కాళ్లకి అరిగిందనుకున్నాడు.

గ్యాస్ కట్టర్ అంటించగానే అరుగు మీంచి చప్పుడు వినిపించింది. మావయ్య ఎడంచేత్తో కుర్చీ చేతిని అదేపనిగా బాదుతున్నాడు. గొంతులోంచి అర్థంకాని అరుపు వస్తోంది. నిప్పురవ్వలకీ మోతకీ బెదిరాడనుకుని, లోపలికి తీసుకెళ్లమని ఆయన కోడలికి చెప్పాడు మేనల్లుడు. కుర్చీ గడప దాటేదాకా ఆ చెయ్యి ఆగలేదు. కోసినచోట నున్నగా గ్రైండింగ్ చేసి, పుట్టీ పెట్టి, రంగు వేశాక అక్కడ మెట్టు ఉండేదని ఎవరూ చెప్పలేనంతగా కలిసిపోయింది.

బండి స్టార్టయ్యే రోజుకి బొబ్బిలి నుంచి అమ్మని రప్పించాడు. ఇంజను మొదట తెల్లపొగ కక్కి, దగ్గి, ఆపైన నిలకడగా అందుకుంది. చుట్టుపక్కల పిల్లలంతా ఈలలు వేశారు. ఆవిడ కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, బండి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ వెనకవైపు ఆగిపోయింది. వంగి చూసింది. చేత్తో తడిమింది.

“మెట్టేదిరా?”

“తీయించేశానమ్మా. జబల్‌పూర్‌లో తయారైనప్పుడు అది లేదు.”

“నువ్వు పుట్టిన రాత్రీ లేదు,” అంది. “నీ పురుటికి నేను ఇక్కడికే వచ్చాను కదా. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి, బయట వాన. రాయగడ తీసుకెళ్దామని అన్నయ్య బండి తీశాడు. ఇంత ఎత్తు ఎక్కలేక ఏడుస్తుంటే, ఇదిగో, ఇక్కడే బురదలో మోకాళ్ల మీద వంగి వీపు పెట్టాడు. ఆ వీపు మీద కాలేసి ఎక్కాను.”

“మరి నేను పుట్టింది ఆసుపత్రిలోనే కదమ్మా?”

“వాగు దాటకముందే ఈ బండిలో పుట్టేశావు. లారీలో పురుడంటే మా అత్తారింట్లో నామోషీ అని, రాయగడ ఆసుపత్రి అని చెప్పుకున్నాం. ఎవరికీ చెప్పొద్దని అన్నయ్య చేత ఒట్టేయించుకున్నాను. మాట పడిపోయేదాకా ఆ ఒట్టు తప్పలేదు. మెట్టు మాత్రం నీ బారసాల కాకుండానే వేయించాడు. కొండమీంచి డోలీలో దిగిన కోంధు ఆడవాళ్లని ఎంతమందిని దాని మీద ఎక్కించి ఆసుపత్రికి చేర్చాడో లెక్కలేదు.”

ఇంజను మోతలో ఆవిడ గొంతు పెంచాల్సి వచ్చింది.

“ఒరేయ్, నువ్వు కోయిస్తుంటే అన్నయ్య చూడలేదు కదా?”