వేదికనలంకరించిన సారు

ఆగస్టు వస్తే చిత్రావతిలో నీళ్లు పారతాయో లేదో చెప్పలేం గానీ, గోరంట్లలో బడి ఆవరణలోని వేపచెట్టు కిందికి ఉపన్యాసాల సారు రావడం మాత్రం ఖాయం. చేతిలో బ్యాటరీ మైకు, చంకలో అట్ట ఊడిన నోటుపుస్తకం. ఆగస్టు 15న స్వాతంత్ర్య దినోత్సవం, 29న తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 5న గురుపూజ, నవంబరు 14న బాలలు, 26న రాజ్యాంగం. వక్తృత్వ పోటీల పంచాంగం ఆయనకు కంఠతా వచ్చు. ఇలాంటి సారు మండలానికొకరు ఉంటారు. ఒకచోట తెలుగు చెబుతాడు, ఒకచోట సోషల్, ఇంకోచోట డ్రిల్లు. జీతం దేనికి తీసుకున్నా మనసు మాత్రం మైకు మీదే.

ఆయన శిక్షణ నిలుచోవడంతో మొదలవుతుంది. "గొంతు యాణ్ణుంచి రావల్ల? బొడ్డు కాణ్ణుంచి రావల్లప్పా!" అని తన బొడ్డు మీద తానే గుద్దుకుని చూపిస్తాడు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడమంటాడు. భయమేస్తే వాళ్ల నెత్తి మీదుగా గోడ గడియారాన్ని చూడమంటాడు. తాను మాట్లాడేటప్పుడు మాత్రం గడియారం వైపు కన్నెత్తి చూడడు.

ఆ నోటుపుస్తకంలో ఉన్నది ఒకే ఒక్క ఉపన్యాసం. వేదికనలంకరించిన పెద్దలు, విద్యాబుద్ధులు నేర్పిన గురువులు, తోటి విద్యార్థినీ విద్యార్థులు, ఇతర గ్రామ ప్రజలు... పోటీకిచ్చే మూడు నిమిషాల్లో ఒక నిమిషం నమస్కారాలకే సరి. ఆ తర్వాత నాయకుడి పేరు దగ్గర ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరిని కూర్చోబెట్టినా ఆయన పేద కుటుంబంలో పుడతాడు, వీధి దీపం కింద చదువుతాడు, దేశానికి వెలుగవుతాడు. ఒక బాలల దినోత్సవం నాడు ఏడో తరగతి పిల్లోడు నెహ్రూని ఆ దీపం కింద కూర్చోబెట్టేశాడు. మోతీలాల్ నెహ్రూ అలహాబాదులో పేరుమోసిన వకీలని, ఇంట్లో దీపాలకు కొదవ లేదని సోషల్ టీచరమ్మ సణిగితే, సారు తొణకలేదు. "ఒగరోజన్నా సదివింటాడులేమ్మా, దేశనాయకుడు గదా!"

ఆ ఉపన్యాసంలో దిద్దుబాట్లు చాలా అరుదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక 'మన అనంతపురం జిల్లా' కొట్టేసి 'మన శ్రీ సత్యసాయి జిల్లా' అని రాసుకున్నాడు. 2024 జనవరి 16న పక్కనే పాలసముద్రంలో కస్టమ్స్ అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ అకాడమీని ప్రధాని ప్రారంభించాక, ఊరి గొప్పలు చెప్పే చోట మాధవరాయ స్వామి గుడి వెనకే దాన్నీ చేర్చాడు. ఇప్పుడు గాంధీ జయంతి నాడు కూడా పిల్లలు కస్టమ్స్ అధికారులను తలుచుకోక తప్పడం లేదు.

కొత్త పద్ధతులంటే ఆయనకు ఇష్టం లేదనుకుంటే పొరపాటు. ప్రాచీన గ్రీసులో డెమోస్తనీస్ అనే మహావక్త నోట్లో గులకరాళ్లు పెట్టుకుని మాట్లాడి నత్తి పోగొట్టుకున్నాడని ప్లూటార్క్ రాసిన సంగతి ఎక్కడో చదివాడు. రాళ్లయితే తల్లిదండ్రులు తగువుకొస్తారని వాటి బదులు చెనిక్కాయ గింజలు పెట్టించాడు. మూడో వాక్యం వచ్చేసరికి అందరి ఉచ్చారణా స్పష్టంగా ఉంది, అందరి నోళ్లూ ఖాళీగా ఉన్నాయి. మర్నాటి సాధనకు హాజరు నూటికి నూరు శాతం.

బెంగళూరులో సాఫ్ట్‌వేరు పని చేసే అల్లుడు ఒకసారి టోస్ట్‌మాస్టర్స్ గురించి చెప్పాడు. 1924లో అమెరికాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంఘం అది. అక్కడ అయిదు నుంచి ఏడు నిమిషాల ఉపన్యాసానికి పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు వెలుగుతాయి. ఎవరు ఎన్నిసార్లు 'ఆఁ', 'ఊఁ' అని సాగదీశారో లెక్కపెట్టేందుకు కూడా ఒక మనిషి ఉంటాడు. సారు మురిసిపోయి దీపాలకు బదులు మూడు రంగుల తువ్వాళ్లు తెప్పించాడు. పిల్లలు ఏడో నిమిషానికి ఎర్ర తువ్వాలు చూసి ఆగిపోవడం నేర్చారు. ఒకనాడు సారు 'క్లుప్తత' మీద మాట్లాడుతుంటే లీడరు పిల్లోడు ఎర్ర తువ్వాలు ఎత్తిపట్టాడు. వాడికి చెమట పట్టిందేమో, తుడుచుకోమని సైగ చేసి ఆయన కొనసాగించాడు.

2022లో కాకినాడ జిల్లా బెండపూడి సర్కారు బడి పిల్లలు అమెరికా యాసలో ఇంగ్లీషు దంచేస్తున్నారని రాష్ట్రమంతా వింతగా చూసింది. మే నెలలో వాళ్లు ముఖ్యమంత్రి దగ్గర కూడా మాట్లాడి వచ్చారు. కొన్నాళ్లు గోరంట్లలోనూ 'వాటర్' కాస్తా 'వారర్' అయింది. ఆ జ్వరం దసరా సెలవులకు తగ్గింది.

తప్పు పట్టాల్సింది ఒక్కటుంది, దాన్ని నవ్వి వదిలేయడం కుదరదు. 'నీటి సంరక్షణ' మీద పోటీ పెట్టినప్పుడు నోటుపుస్తకం ప్రకారం మొదటి పిల్లోడు 'పచ్చని వరిచేలతో, గలగల పారే సెలయేళ్లతో అలరారే మా గ్రామం' అన్నాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. వాడు సెలయేరును పుస్తకంలో తప్ప చూసి ఉండడు. తర్వాత వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి బట్టీపట్టింది మరిచిపోయి బిక్కచచ్చి నిలబడింది. కాసేపటికి తనంతట తానే, "మా నాయన మూడు బోర్లేపిచ్చినాడు సార్. రెండింట్లో దుమ్మొచ్చింది. మూడోదాంట్లో నీళ్లు పడినాయి, అవి పోయినేడు అయిపోయినాయి" అంది. అంతే, దిగిపోయింది. జనంలో ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి సెలయేళ్లకే వచ్చింది.

ఇంతకీ ఈ వ్యాసం రాసేవారికి ఆయన వరసకు మేనమామ. మా గృహప్రవేశం నాడు విస్తళ్లు వేసినాక "పాలు పొంగిన శుభసందర్భంలో రెండు మాటలు" అని లేచాడు. ఓళిగలు చల్లారినాయి, చారు రెండుసార్లు కాచారు. ఆ బాకీ ఇక్కడితో తీరింది.

ఇక న్యాయం చెప్పాలి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల 600 మార్కుల్లో నోరు తెరిచి మాట్లాడినందుకు వచ్చే మార్కు ఒక్కటీ లేదు. అందుకే జనవరి దాటితే బడుల్లో మాట ఆగిపోయి స్లిప్ టెస్టులు మొదలవుతాయి. సాయంత్రం బస్సు వదులుకుని పిల్లల కోసం ఆగే సారు ఈయనొక్కడే. కాళ్లు వణికే పిల్లల కోసం బల్లకు నేలదాకా గుడ్డ కట్టిస్తాడు. "కాళ్లు వణకనీ, గొంతు వణక్కుంటే సాలు" అంటాడు. మాట తడబడే పిల్లోడికి మొదటి ఏడు 'జై హింద్' ఒక్కటే ఇస్తాడు, రెండో ఏడు రెండు వాక్యాల వందన సమర్పణ, మూడో ఏడు ఉపన్యాసం. ఆ ఓపిక ఏ అల్లుడూ నేర్పింది కాదు.

2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవాన, అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ జరిగింది. అది జరుగుతుందని తెలిసిన రోజు నుంచే, గోరంట్ల ఉండే పెనుకొండ నియోజకవర్గం సీటు తన చేతిలోనే ఉన్నట్టు సారు తిరిగాడు. ప్రతి వాక్యం ముందూ 'అధ్యక్షా' అనిపించాడు. ఆ అలవాటు ముదిరి, ఎనిమిదో తరగతి వాళ్లు లెక్కల పీరియడ్‌లో "అధ్యక్షా, ఒంటికి పోయొస్తా" అంటున్నారు. ఆ బోర్ల అమ్మాయి మాత్రం నోటుపుస్తకం అడగడం మానేసింది. సారు కూడా ఇవ్వడం లేదు. ఇప్పుడు ఆమెకు "నీకు తెలిసిందే సెప్పుమ్మా" అని మాత్రమే చెబుతాడు, ఆ మాట చెప్పడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

మీలో ఎవరికైనా గోరంట్ల బడి నుంచి ముఖ్య అతిథిగా పిలుపు వస్తే తప్పక వెళ్లండి, పిల్లలు బాగా మాట్లాడతారు. వందన సమర్పణ ఎవరిదో మాత్రం ముందే కనుక్కుని, టిఫిను చేసి బయలుదేరండి.